గరగర ఆగిన ఇల్లు

అక్క ఇంట్లో స్టీరియో బాగుచేసిన ఆదివారం చెవులాయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. మంగళవారం మధ్యాహ్నానికి అదే పని తలచుకుని అతను వీధి వెంట పరుగు తీశాడు. ఆ రెండు రోజుల మధ్య పెద్దగా ఏమీ జరగలేదు. ఒక శబ్దం ఆగిపోయింది, అంతే.

చెవులాయన అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ముప్పై అయిదేళ్ళుగా ఒకే వీధిలో, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాల్సిన ఇరుకు కొట్టులో, రేడియోలూ స్టీరియోలూ బాగుచేస్తున్నాడు. పెట్టె విప్పకముందే ఓ నిమిషం కళ్ళు మూసుకుని వింటాడు. విని, రోగం ఫలానా అని చెప్పేస్తాడు. చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. దాంతో వీధివాళ్ళు ఆ పేరు తగిలించారు. అతను పైకి విసుక్కునేవాడు గానీ, లోపల మురిసిపోయేవాడు.

పని నేర్పిన గురువు అతనికి ఒక వరస అలవాటు చేశాడు. ముందు పెట్టె చూడు, తర్వాత తీగలు, తర్వాత ఏరియల్, చివర ఇల్లు. ఇల్లు చూడటమంటే గోడలూ కిటికీలూ చూడటం కాదు. గుప్పెట్లో పట్టే జేబు రేడియో ఒకటి తీసుకుని, ఏ స్టేషనూ రాని చోట ముల్లు పెట్టి, గది గదికీ గోడ పక్కనే నడవాలి. గోల ఎక్కడ పెరిగితే దాన్ని పుట్టించేది అక్కడుంటుంది. పాత ఫ్యానో, చెడిపోయిన దీపమో, మరొకటో. గురువు ఏ ఇంటికెళ్ళినా ఇలా ఓ చుట్టు తిరగందే బయటికొచ్చేవాడు కాదు. చెవులాయన కూడా ముప్పై అయిదేళ్ళు తిరిగాడు. ఆ ఒక్క ఆదివారమే తిరగలేదు.

ఆదివారం ఎందుకు తిరగలేదంటే, వెళ్ళింది సొంత అక్క ఇంటికి కాబట్టి. అక్కకి కొడుకూ కోడలూ ఉన్నారు. ఇద్దరూ పొద్దున్నే పనికెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. నాలుగేళ్ళ మనవరాలు నానమ్మ దగ్గర ఉంటుంది. మూడో అంతస్తులో మూడు గదుల ఇల్లు. మధ్యగదిలో పాత స్టీరియో. అక్కకి పాట లేకపోతే పొద్దు గడవదు.

"నీ చెవులు ఊరందరికీ పనికొస్తాయి, నాకు తప్ప," అని అక్క గుమ్మంలోనే అందుకుంది. "ఆరు నెలలనుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. ఒక స్పీకరు పెట్టె పలకదు, పలికేది సరిగ్గా పాడదు, రేడియో పెడితే గరగర. ఇంకొకళ్ళని పిలిస్తే తమ్ముడు మెకానిక్ అయ్యుండి అని నలుగురూ నవ్వుతారు."

"వచ్చానుగా అక్కా."

"వచ్చావులే, మహారాజులా వట్టి చేతుల్తో."

వట్టి చేతులు కాదు. జేబులో స్క్రూడ్రైవరూ, కరెంటు తీగ వెంట వచ్చే గోలని ఆపే ఫిల్టరు డబ్బా ఒకటీ ఉన్నాయి. పనిముట్ల సంచి మాత్రం కొట్లోనే వదిలేశాడు. జేబు రేడియో ఆ సంచిలో ఉంది.

మొదటి రెండు రోగాలూ అతనికి ఓ లెక్క కాదు. ఎడమ పెట్టె పలకకపోతే కుడి పెట్టె తీగ తీసి దానికి తగిలించాడు. అది నిక్షేపంలా పలికింది. అంటే పెట్టె మంచిదే, తీగే పాడయింది. కొస నల్లబడి ఉంటే గీకి మళ్ళీ బిగించాడు. పాట గొంతు పట్టేసినట్టు పల్చగా రావడానికి కారణం వెనక దొరికింది. ఎవరో ఇల్లు తుడిచేటప్పుడు ఊడదీసి, ఒక పెట్టెకి ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది గుచ్చారు. ఒక పెట్టె ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. సరిచేయగానే పాట కింద దరువు నిండుగా పలికింది. అక్క మొహం విప్పారింది.

"అమ్మయ్య. ఇప్పుడు రేడియో పెట్టి చూడు," అంది.

మీడియం వేవ్ మీద అక్క రోజూ వినే పాత పాటల స్టేషను పెట్టాడు. పాట ఉంది, పాట మీద గరగర ఉంది. కాగే నూనెలో తడిచెయ్యి విదిలించినట్టు చిటపటలు. ఒక తీరుగా వచ్చేది కాదు. కాసేపు ఆగి, ఉలిక్కిపడేలా లేచి, మళ్ళీ తగ్గేది.

"ఇది హీటరు వేసినప్పుడే వస్తుందిరా," అంది అక్క. "పిల్లకి అస్తమానం జలుబని పడగ్గదిలో వేస్తున్నాను. పాట వినాలంటే హీటరు ఆపాలి, హీటరు కావాలంటే పాట ఆపుకోవాలి. ఆ గోల భరించలేక పది నిమిషాలకోసారి లేచి ఆపుతూనే ఉన్నాను. మోకాళ్ళు అరిగిపోతున్నాయి."

"హీటరంటే గోల చేస్తుందక్కా. అది మామూలే."

ఆ మాట అబద్ధమని అతనికి తెలుసు. తీగ ఎర్రబడి వేడినిచ్చే మామూలు హీటరు నోరెత్తదు. ఎత్తిందంటే ఏదో ఉన్నట్టు. అతనికి అది కొట్టిన పిండి. అయినా ఆ పూట మాట నోటికి అలా వచ్చేసింది, వచ్చిన మాటని వెనక్కి తీసుకోవడం పెద్దమనిషికి కష్టం.

మనవరాలు ముక్కు తుడుచుకుంటూ వచ్చి అతని మోకాలి మీద చెయ్యి వేసింది. దానికి అతను రేడియో తాత.

"రేడియో తాతా, గోడలో ఎవరో ఉన్నారు."

"అవునా? ఏం చేస్తున్నారమ్మా?"

"కాగితాలు నలుపుతున్నారు."

"అయితే వాళ్ళని కూడా భోజనానికి పిలుద్దాం. నానమ్మ ఇంకో నాలుగు కంచాలు పెడుతుంది."

అక్క పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. పిల్ల మాత్రం నవ్వలేదు. "మంచం దగ్గర గోడ," అని ఇంకోసారి చెప్పి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి బొమ్మ తీసుకుని వెళ్ళిపోయింది.

చెవులాయన స్టీరియో ప్లగ్గుకి ఫిల్టరు తగిలించాడు. గరగర సగానికి సగం తగ్గింది. ఆ తర్వాత, పళ్ళెమంత చట్రానికి తీగ చుట్టి ఉన్న స్టీరియో ఏరియల్‌ని అల్మరా మీద పెట్టి మెల్లగా తిప్పుతూ పోయాడు. ఒక మూలకి వచ్చేసరికి మిగిలిన గరగర కూడా మాయమైంది. పాట ఒక్కటే మిగిలింది, తలంటు పోసుకున్నంత శుభ్రంగా. చట్రం కదలకుండా కింద అట్టముక్క దోపాడు.

ఆ రకం ఏరియల్‌కి ఒక గుణముంది. గోల వచ్చే వైపుకి దాని బల్లపరుపు మొహం తిరిగినప్పుడే గోల వినపడదు. అంటే గోలని చంపిన ఏరియల్ గోల ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తున్నట్టే. చట్రం మొహం పడగ్గది గోడని సూటిగా చూస్తోంది. చెవులాయన అటు తలైనా తిప్పలేదు.

"చూశావా అక్కా? తమ్ముడంటే ఏమనుకున్నావు!" అన్నాడు.

"నీ చెయ్యి చల్లగా ఉండాల్రా," అంది అక్క.

*

మంగళవారం మధ్యాహ్నం చెవులాయన కొట్లో కూర్చుని ఒక టేపు రికార్డరుకి కొత్త బెల్టు వేస్తున్నాడు. పక్క కొట్టు గడియారాల మెకానిక్ పని లేక గుమ్మంలో నిలబడి ఆవులిస్తున్నాడు. ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మందుల కొట్టు దగ్గరున్నాను. వంతెన అవతలిది. పెద్ద వరస. ఊసుపోక చేశాను."

"పాపేది?"

"జ్వరం వచ్చిందిరా. అన్నం తినగానే పడుకుంది. మంచి నిద్రలో ఉంది, లేపడమెందుకని తాళం వేసి వచ్చాను. గంటలో ఇంటికి వెళ్ళిపోతానుగా. భయపడకుండా పాట పెట్టే వచ్చాను, నిద్దట్లో కూడా దానికి పాట ఉండాలి. నీ పుణ్యమా అని ఇప్పుడు హీటరు వేసినా పాట చెడట్లేదు. లేచి ఆపే బాధ తప్పింది. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా ఆపలేదంటే నమ్ము."

"పొద్దున్నుంచా?"

"ఆ. గదంతా వెచ్చగా ఉంది. పొద్దున పిల్ల గోడ మీద చెయ్యి పెట్టి, నానమ్మా గోడ కూడా వేడిగా ఉంది అని మురిసిపోయింది."

"ఏ గోడ?"

"మంచం వెనక గోడరా."

"హీటరెక్కడుంది?"

"కిటికీ కింద. ప్లగ్గు మంచం వెనక ఉంది, తీగ పొడుగ్గా..."

చెవులాయన చేతిలోంచి బెల్టు జారిపోయింది. హీటరు కిటికీ కింద ఉంటే మంచం వెనక గోడ వేడెక్కదు. ఆ గోడలో ప్లగ్గు పెట్టె ఉంది. ప్లగ్గు పెట్టెలో ఒక తీగ వదులై, కరెంటు ఆ సందులోంచి దూకుతూ పోతోంది. దూకిన ప్రతిసారీ నిప్పు రవ్వ. రవ్వ పుట్టినప్పుడల్లా రేడియోలో గరగర. ఆరు నెలలుగా అక్క ఆ గరగర భరించలేక లేచి హీటరు ఆపుతోంది. ఆపినప్పుడల్లా గోడ చల్లబడుతోంది. ఆదివారం నాడు తను వెళ్ళి, ఆ ఒక్క కాపలా నోరూ నొక్కి వచ్చాడు.

ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని లేచాడు.

"అక్కా, ఇంటికెళ్ళు. మందు సంగతి తర్వాత. ఇప్పుడే వెళ్ళు."

"ఏమైందిరా?"

"నేనూ వెళ్తున్నాను. నువ్వు బయల్దేరు!"

"ఏమైందో చెప్పి చావరాదూ!" అక్క గొంతు అప్పుడే మారిపోయింది.

"గోడ కాలుతోందేమో," అన్నాడు.

గుమ్మంలో ఉన్న గడియారాలాయన్ని తోసుకుని బయటపడ్డాడు.

"ఫైరింజనుకి ఫోన్ చెయ్యి. మా అక్క ఇల్లు నీకు తెలుసుగా."

"అయ్యో, మంటలొచ్చాయా?"

"తెలీదు."

"పొగైనా వచ్చిందా?"

"తెలీదయ్యా!"

"మరి ఏమని చెప్పను?"

"గరగర ఆగిపోయింది," అన్నాడు చెవులాయన, అని పరుగెత్తాడు.

*

కొట్టు నుంచి అక్క ఇంటికి నడిస్తే పావుగంట. అక్క ఉన్న చోటునుంచి అరగంట పైమాటే. తాళంచెవి అక్క దగ్గరుంది. పరుగెత్తుతూ చెవులాయన ఈ లెక్కే పదేపదే వేసుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్కలో పిల్ల ఒక్కతే మిగులుతోంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కూర్చుని చేసే పని. మొదటి మలుపు తిరిగేసరికి పక్కటెముకల కింద పోటు పట్టుకుంది. రెండో మలుపులో ఒక సరుకుల లారీ రోడ్డుకి అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. డ్రైవరు తీరుబడిగా కిటికీలోంచి తల పెట్టి చూస్తున్నాడు. చెవులాయన లారీకీ గోడకీ మధ్య సందులోంచి దూరాడు. చొక్కా చిరిగింది. వెనకనుంచి ఎవరో తిట్టారు.

మంచం వెనక ఏముందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. దుప్పట్లు ఉంటాయి. దూది పరుపు. పిల్ల తల గోడవైపు పెట్టి పడుకుంటుందా, కిటికీవైపా? ఎన్నోసార్లు వెళ్ళిన ఇల్లు, ఈ ఒక్క సంగతీ గుర్తు రావట్లేదు. మంచం దగ్గర గోడ అని పిల్ల రెండుసార్లు చెప్పింది. తను కంచాల గురించి జోకు వేశాడు.

ఇల్లు కనపడింది. మూడో అంతస్తు కిటికీలోంచి పొగ రావట్లేదు. ఆ ఊరట ఒక్క క్షణమే నిలిచింది. తలుపులు మూసిన గదిలో పొగ ముందు లోపలే నిండుతుంది.

మెట్ల కింద కరెంటు మీటర్ల బల్ల ఉంది. ఎనిమిది మీటర్లు, ఎనిమిది స్విచ్చులు. వాటి మీద ఇంటి నంబర్లు వేసిన సంగతి నిజమే. కానీ గోడలకి సున్నం వేసిన పుణ్యాత్ములు గోడతోపాటు నంబర్లకి కూడా వేసి పోయారు. పైనుంచి పాట వినపడుతోంది. అక్క స్టేషను, ఆడగొంతు. చుక్క మచ్చలేకుండా శుభ్రంగా వస్తోంది. తను చేసిన పనే. అంత శుభ్రమైన పాట విని జీవితంలో మొదటిసారి అతనికి భయం వేసింది.

మొదటి స్విచ్చు దించాడు. కింది ఇంట్లో టీవీ ఆగింది. పైన పాట ఆగలేదు. రెండోది బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులతో లాగాడు. పాట ఆగలేదు. మూడోది. కింది ఇంటి తలుపు తెరుచుకుని, చేతిలో చీపురుతో పెద్దావిడ ఒకామె బయటికొచ్చింది.

"ఎవరయ్యా నువ్వు? ఏం పోయేకాలం వచ్చిందని కరెంటు తీస్తున్నావు?"

అతనికి జవాబు చెప్పే ఊపిరి లేదు. నాలుగోది దించాడు. అయిదోది దించాడు.

పాట ఆగింది.

ముప్పై అయిదేళ్ళు అతను వెతికింది ఆ నిశ్శబ్దం కోసమే. ఇప్పుడు మెట్ల కింద నిలబడి అది వింటుంటే, పైనుంచి ఒక్క చప్పుడు రావాలని, ఏడుపైనా దగ్గైనా సరే రావాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఏమీ రాలేదు.

మూడంతస్తులు ఎలా ఎక్కాడో తెలియదు. తలుపుకి తాళం వేలాడుతోంది. గుమ్మం ముందుకి రాగానే వాసన తగిలింది. ఘాటుగా, గొంతులో గీరుకునే వాసన. ఆ వాసనకి పేరు వెతుక్కోనక్కర్లేదు. రోజూ కొట్లో కాలిన తీగల్ని ముక్కుతో పట్టే మనిషి.

"పాపా!" అని అరిచాడు. తలుపు మీద పిడికిళ్ళతో కొట్టాడు. "పాపా! లేమ్మా! లే!"

ఏమీ లేదు. భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు, భుజం మాత్రం మండిపోయింది. ఇంకోసారి గుద్దాడు. చెవి తలుపుకి ఆనించాడు. ఊరందరి రోగాలూ పట్టిన చెవి. దానికి ఆ క్షణంలో వినపడింది తన గుండె చప్పుడొక్కటే.

"రేడియో తాతా?"

గొంతు సరిగ్గా తలుపు వెనకనుంచి వచ్చింది.

చెవులాయన గుమ్మం ముందు కూలబడ్డాడు.

"పాపా! ఎక్కడున్నావు? గదిలోంచి వచ్చేశావా?"

"పాట ఆగిపోయింది. మెలకువ వచ్చేసింది." పిల్ల దగ్గింది. "తాతా, గోడ పొగ తాగుతోంది."

"ఆ గదిలోకి వెళ్ళకు. వెళ్ళనని చెప్పు."

"బొమ్మ అక్కడే ఉంది."

"ఉండనీ! ఇంకోటి కొనిస్తాను. నా మాట విను. నేల మీద బోర్లా పడుకో. తలుపు కింద సందుందే, అక్కడ ముక్కు పెట్టు. పెట్టావా?"

"పెట్టాను."

అతను కూడా నేల మీద పడుకుని చెంప ఆనించాడు. తలుపు కిందనుంచి వచ్చే పొగ కళ్ళని సన్నగా మండిస్తోంది. సందులోంచి రెండు వేళ్ళు బయటికి వచ్చాయి. జ్వరంతో కాలుతున్న వేళ్ళు. వాటిని పట్టుకున్నాడు.

"నానమ్మ వస్తోంది. నువ్వు మాట్లాడుతూ ఉండు. ఆపకు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఆపకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

పిల్ల మాట్లాడింది. బొమ్మ గురించి, మందు చేదు గురించి, గోడలోవాళ్ళు పొద్దున చాలా కోపంగా ఉన్నారనీ చెప్పింది. మధ్యమధ్య దగ్గింది. దగ్గు వచ్చినప్పుడల్లా మాట ఆగేది, మాట ఆగినప్పుడల్లా అతని పై ప్రాణాలు పైనే పోయేవి. తిట్టుకుంటూ మెట్లెక్కి వచ్చిన కింది ఇంటావిడ ఈ దృశ్యం చూసి, వాసన చూసి, చీపురు పడేసి నీళ్ళకోసం పరుగెత్తింది.

అక్క వచ్చేసరికి ఎంతసేపయిందో అతను తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా తేలలేదు. ఏదో ఆటో పట్టుకుని వచ్చిందట. కాళ్ళకి చెప్పులు లేవు, తాళంచెవి పట్టుకున్న చెయ్యి ముందుకి చాచి మెట్లెక్కుతోంది. అతను అందుకున్నాడు. వెంట్రుకంత తీగల్ని అతికించే చెయ్యి, తాళం కన్నంలో చెవి పెట్టలేకపోయింది. రెండుసార్లు జారింది. కింది ఇంటావిడ లాక్కుని తీసింది.

పిల్ల అక్క మీద పడింది. చెవులాయన బకెట్టు తీసుకుని పొగలోకి వెళ్ళాడు.

మంట పెద్దది కాదు. ఆ సంగతి తర్వాత అందరూ అతనికి ధైర్యం చెప్పడానికి అన్నారు. ప్లగ్గు పెట్టె కరిగి గోడ మీదనుంచి కారింది. దాని చుట్టూ నల్లటి మరక. మంచం వెనక జారిన దుప్పటి అంచు పట్టుకుని నిప్పు పరుపులోకి పాకుతూ, మంట లేకుండా లోలోపలే తింటోంది. మూడు బకెట్లు పోశాడు. పొగ తగ్గాక చూశాడు. పిల్ల తల గోడవైపే పెట్టి పడుకునేది. దిండు మీద ఆ చిన్న తల గుంట ఇంకా అలాగే ఉంది. కాలిన అంచుకీ ఆ గుంటకీ మధ్య జానెడు దూరం.

అతను జాన పెట్టి కొలిచాడు. ఎందుకు కొలిచాడో అతనికే తెలియదు.

ఫైరింజను కూడా వచ్చింది. గడియారాలాయన మొదట నిజమే చెప్పాడట, గరగర ఆగిపోయిందని. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు. రెండోసారి చేసి, ఇల్లు నిలువునా తగలబడుతోందని అబద్ధమాడాడు. అబద్ధానికి వెంటనే వచ్చారు.

*

మెట్ల మీద జనం మూగారు. కింది ఇంటావిడ ఎవరడిగినా ఒకటే చెబుతోంది, ఈయన రాకపోతే ఏమయ్యేదో, కరెంటు తీశాడు కాబట్టి బతికాం, నేనే పాపిష్టిదాన్ని తిట్టాను అని. అక్క ఒళ్ళో పిల్లతో మెట్టు మీద కూర్చుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"దేవుడిలా వచ్చావురా," అంది. ఏడుస్తోంది.

చెవులాయనకి ఆ మాట నిప్పులా తగిలింది. అందరూ మెచ్చుకుంటున్నారు. ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. గోడలో తీగకి నోరు లేదు. ఊరుకోవాలని అనిపించిన మాట నిజం. ఊరుకుండిపోతానేమోనన్న భయం కూడా ఆ పూట భయాల్లో ఒకటి.

లేచి మధ్యగదిలోకి వెళ్ళాడు. స్టీరియో ప్లగ్గునుంచి ఫిల్టరు ఊడబీకి తెచ్చి అక్క ముందు పెట్టాడు.

"నేనే చేశానక్కా."

"ఏంటి?"

"ఆ గరగర ఊరికే రాలేదు. ఆ గోడలోంచే వచ్చింది. అది వచ్చినప్పుడల్లా నువ్వు లేచి హీటరు ఆపావు, అందుకే ఆరు నెలలు ఏమీ కాలేదు. నేనొచ్చి దాని నోరు మూశాను. ఎక్కణ్ణించి వస్తోందో వెతకలేదు. అల్మరా మీద ఏరియల్ చూడు, ఇప్పటికీ ఆ గోడనే చూపిస్తోంది."

అక్క ఫిల్టరుని చూసింది, తెరిచి ఉన్న తలుపులోంచి ఏరియల్‌ని చూసింది. తిడుతుందని అనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నేను చెప్పాను," అంది మెల్లగా. "హీటరు వేసినప్పుడే అని చెప్పాను. పిల్లా చెప్పింది."

అయినా అతని చెయ్యి మళ్ళీ పట్టుకుంది. ఆ రెండూ కలిపి ఎలా మొయ్యాలో అతనికి తెలియలేదు.

శుక్రవారానికి ఎలక్ట్రీషియన్ గోడ తవ్వి కొత్త తీగలు వేసి, కొత్త ప్లగ్గు పెట్టె బిగించాడు. కాలిన తీగ ముక్కని చెవులాయన అడిగి జేబులో వేసుకున్నాడు. స్టీరియో మళ్ళీ పెట్టాడు, ఫిల్టరు లేకుండా. హీటరు వేశాడు. పాట ఏ గోలా లేకుండా వచ్చింది.

ఈసారి సంచి మరిచిపోలేదు. జేబు రేడియో తీసుకుని, ఏ స్టేషనూ రాని చోట ముల్లు పెట్టి, గది గదికీ గోడ పక్కనే నడిచాడు. సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. రెండోసారి నడిచాడు. మూడోసారి బయల్దేరుతుంటే అక్క వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఇంకేం వినపడట్లేదు కదరా. ఇంక చాలు, కూర్చో."

"వినపడట్లేదనే భయంగా ఉందక్కా."

అక్క తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పడగ్గదిలో మంచం ఇప్పుడు అవతలి గోడకి జరిపి ఉంది. కొత్త సిమెంటు మరక ఇంకా తడిగా ఉంది. చెవులాయన దాని పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించి నేల మీద కూర్చున్నాడు. జ్వరం తగ్గిన మనవరాలు వచ్చి పక్కన చతికిలబడింది.

"గోడలోవాళ్ళు వెళ్ళిపోయారా?"

ఆదివారమైతే చెవులాయన ఏదో ఒక జోకు వేసి ఉండేవాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "నువ్వే విని చెప్పు."

పిల్ల గోడకి చెవి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, చాలాసేపు విన్నది.

"ఎవరూ లేరు," అంది.

"ఇంకోసారి విను తల్లీ."

పిల్ల ఇంకోసారి విన్నది. గోడ చల్లగానే ఉంది. అతను చెయ్యి తియ్యలేదు.